ఇంట్లోకి స్పీకరు కొంటున్నారా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి దసరాకి మా ఇంటికి ఒక స్పీకరు వచ్చింది. నడుమెత్తు నల్లటి డబ్బా, ముందు రంగురంగుల దీపాలు, కింద చక్రాలు. మావారూ పిల్లలూ ముచ్చటపడి తెచ్చుకున్నారు. అట్టపెట్టె మీద వాట్ల లెక్క వేలల్లో ఉంది. మొదటి పాట పెట్టగానే అల్మారాలో స్టీలు గ్లాసులు గలగలలాడాయి. పిల్లలు గంతులు వేశారు. మా అత్తమ్మ మాత్రం మంచం మీద నుంచి, "గుండెల దడదడ అంటున్నది గని, ఏం పాడుతున్నరో ఒక్క ముక్క తెలుస్తలేదు బిడ్డా" అంది. అందరం నవ్వాం.

ఆ నవ్వు ఎన్నో రోజులు నిలవలేదు. టీవీని కూడా ఆ డబ్బాకే తగిలించాం గదా, రోజూ సాయంత్రం వార్తలకు ముందు గదిలోకి వచ్చి కూర్చునే మనిషి మెల్లగా రావడం మానేసింది. "రండి అత్తమ్మా, వార్తలొస్తున్నాయి" అంటే, "వచ్చి ఏం జెయ్యాలె? బొమ్మలు జూసుడేనాయె" అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. వీధంతా వినబడే డబ్బా తెచ్చుకుని, ఇంటి పెద్దావిడను మాటకి దూరం చేశామన్నమాట!

అప్పటినుంచీ ఈ స్పీకర్ల సంగతి తెలిసినవాళ్ళను అడిగి, దుకాణాల్లో నిలబడి విని, కాస్త నేర్చుకున్నాను. నేను చదివింది మెట్రిక్కే. అంచేత మీకూ నాకూ అర్థమయ్యే మాటల్లోనే చెబుతాను. రేడియోలో ఫలానా కంపెనీ సరుకు కొనండని చెప్పకూడదు, చెప్పను కూడా. ఏమేం చూసి కొనాలో చెబుతాను. ముందుగా ఒక్కమాట మనసులో పెట్టుకోండి. "ఎన్ని వాట్లు?" అనేది చివర అడగవలసిన ప్రశ్న. మొదట అడగవలసినవి మూడు: ఎవరు వింటారు, ఏం వింటారు, ఏ గదిలో వింటారు?

అన్నీ ఒకే పెట్టెలో

"ఆల్ ఇన్ వన్" అంటే ఏమిటో చూద్దాం. పాట మన చెవికి చేరాలంటే మూడు పనులు జరగాలి. పాట ఎక్కడినుంచో రావాలి. రేడియో కావచ్చు, ఫోను కావచ్చు, టీవీ కావచ్చు. అక్కడినుంచి వచ్చే విద్యుత్ సంకేతం చాలా బలహీనంగా ఉంటుంది. దానికి బలం ఇచ్చేది యాంప్లిఫయరు. ఆ బలంతో గరాటులాంటి పలచని పొరను ముందుకీ వెనక్కీ కదిపి గాలిలో శబ్దం పుట్టించేది స్పీకరు. పెళ్ళి పందిట్లో మైకు సెట్టు చూసే ఉంటారు. యాంప్లిఫయరు ఒకచోట, స్పీకర్లు ఇంకోచోట, మధ్య బారల కొద్దీ వైరు. అలా విడిగా ఉండేది పాసివ్ స్పీకరు. యాంప్లిఫయరు కూడా స్పీకరు పెట్టెలోనే ఇమిడిపోతే అది యాక్టివ్ స్పీకరు. దానికితోడు ఫోనులోని పాటను తీగ లేకుండా అందుకునే బ్లూటూత్, టీవీ తీగ గుచ్చే సాకెట్టు, ఎఫ్.ఎం. రేడియో కూడా అందులోనే ఉంటే ఆల్ ఇన్ వన్. కూరా పప్పూ అన్నం విడివిడిగా మోసుకెళ్ళకుండా ఒకే క్యారియరులో సర్దినట్టు!

ఇది ఈనాటి వింతేమీ కాదు. ఇప్పటికీ వాడుకలో ఉన్న స్పీకరు నమూనాను అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో లోకానికి వివరించారు. మరుసటి ఏడు, 1926లో, అది రేడియోలా 104 అనే పేరుతో అంగడికి వచ్చినప్పుడు యాంప్లిఫయరు ఆ పెట్టెలోనే ఉంది. దాని బలం ఎంతో తెలుసా? ఒక్క వాట్! మన వైపు సంగతి చూడండి. హైదరాబాదులో 1935లో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో మొదలైంది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది. ఆ రోజుల కర్రపెట్టె రేడియోలూ, తర్వాత మన ఇళ్ళలో గూట్లో పెట్టి, కుట్టుపని గుడ్డ కప్పి, పోస్టాఫీసులో లైసెన్సు కట్టి మరీ విన్న బుష్, మర్ఫీ, ఫిలిప్స్ సెట్లూ అన్నీ ఆల్ ఇన్ వన్‌లే గదా! వాటి బలం కొద్ది వాట్లే. అయినా వార్తలు అరుగు మీద కూర్చున్నవాళ్ళకు మాట మాటా తెలిసేవి.

ఈ రకంలో మళ్ళీ రెండు తీరులున్నాయి. ఒకటి ఒంటి పెట్టె. రెండోది జంట పెట్టెలు. జంటలో సాధారణంగా ఒకదానిలోనే యాంప్లిఫయరు ఉంటుంది, రెండోది దానికి ఒక తీగతో కలుస్తుంది. కుడివైపు వాద్యం కుడినుంచీ, ఎడమవైపుది ఎడమనుంచీ వినబడాలంటే, అంటే స్టీరియో కావాలంటే, జంట ఉండాలి. కానీ మీ ఇంట్లో వినేది వార్తలు, నాటకాలు, ఘంటసాలగారి కాలపు పాటలు అయితే దానికోసం ఆరాటపడకండి. ఆనాటి సినిమా పాటల్లో చాలామటుకు మోనోలో రికార్డు చేసినవే. ఒక మంచి ఒంటి పెట్టెలో అవి నిండుగానే పలుకుతాయి.

వాట్ల మాయ

దుకాణంలో అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో పి.ఎం.పి.ఒ. అని, పక్కన వేలల్లో అంకె కనబడితే దాన్ని చూడనట్టే ఊరుకోండి. రెప్పపాటు కాలంలో, కాగితం మీద వచ్చే లెక్క అది. మనకు కావలసింది ఆర్.ఎం.ఎస్. వాట్లు. స్పీకరు నిలకడగా ఇవ్వగల బలం అది. పుస్తకంలో వెతికితే చిన్న అక్షరాల్లో దొరుకుతుంది. దొరకకపోతే ఆ సరుకు మీద నాకు నమ్మకం కలగదు.

ఇంకో చమత్కారం చెబుతాను. 20 వాట్ల స్పీకరు కన్నా 40 వాట్లది రెట్టింపు గట్టిగా వినబడుతుందనుకుంటాం. వినబడదు. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, మన చెవికి "ఆ, కాస్త పెరిగింది" అనిపిస్తుందంతే. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. మామూలు గదిలో, మనం మాట్లాడుకునేంత గొంతుతో వినడానికి ఒక వాట్ కూడా పట్టదు. మిగిలిన బలమంతా ఒక్కసారిగా డోలు దెబ్బో, గాయకుడి పై స్థాయో వచ్చినప్పుడు శబ్దం పగలకుండా ఉండటానికి. మన ముందు గదులకు 20 నుంచి 50 వాట్ల ఆర్.ఎం.ఎస్. ధారాళంగా సరిపోతుంది. అంతకు మించిన వాట్లకు పోసే డబ్బు, నలుగురున్న ఇంటికి నలభైమంది గుండిగ కొన్నట్టే.

పప్పా, కప్పా, తప్పా?

ఇప్పుడు మా అత్తమ్మ సంగతికి వస్తాను. శబ్దం అంటే గాలి అదురు. సెకనుకు ఎన్నిసార్లు అదిరితే అన్ని హెర్ట్జ్ అంటారు. డోలు, మద్దెల వంటి వాటి మోత 100 హెర్ట్జ్ చుట్టుపక్కలా, అంతకు కిందా ఉంటుంది. మగవారి గొంతు మూలస్వరం వంద పైచిలుకు, ఆడవారిది రెండు వందల చుట్టూ ఉంటుంది. అయితే మాటను మాటగా పోల్చుకునేది ఆ మూలస్వరంతో కాదు. క, చ, త, ప, స, శ వంటి హల్లుల గుర్తులు చాలామటుకు రెండు వేల నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్యలో, స, శ లవి ఇంకా పైన ఉంటాయి. వయసు మీద పడుతుంటే మన చెవి ముందుగా పోగొట్టుకునేది సరిగ్గా ఆ పై శబ్దాలనే.

అందుకే పెద్దవాళ్ళు, "గొంతు వినబడుతోంది, మాట తెలియడం లేదు" అంటారు. మనకు అది వింతగా ఉంటుంది. విసుక్కుంటాం కూడా. "పప్పు వేయనా?" అంటే ఆవిడకు "కప్పు", "తప్పు" ఏదైనా కావచ్చు. మూడింటికీ అచ్చు ఒకటే, దరువు ఒకటే. తేడా అంతా ఆ మొదటి హల్లు విరుపులో ఉంది. బాస్ దట్టించిన డబ్బా పెట్టామనుకోండి, కింది మోత పై శబ్దాలను కప్పేస్తుంది. సౌండు పెంచితే మోత పెరుగుతుంది, మాట పెరగదు. ఆవిడకు తలనొప్పి, మనకు గొడవ. పోనీ టీవీలో ఉన్న స్పీకరు చాలదా అంటే, టీవీలు పలచబడ్డకొద్దీ వాటి స్పీకర్లు చిన్నవైపోయి కిందికో వెనక్కో తిరిగాయి. గోడకు తగిలి వచ్చిన శబ్దం మనం వింటున్నాం.

కాబట్టి మాట కోసం కొనే స్పీకరులో ఏం ఉండాలి? ముఖం మనవైపు ఉండాలి. మూడు నుంచి ఐదు అంగుళాల గరాటు ఒకటి, పై శబ్దాల కోసం విడిగా చిన్న ట్వీటరు ఒకటి ఉండాలి. బాస్, ట్రెబుల్ విడివిడిగా తగ్గించి పెంచుకునే వీలుండాలి. కొన్నింటిలో మాటను పైకి తెచ్చే "వాయిస్" మీట ఉంటుంది, అదీ మంచిదే. ఇక్కడే ఇంకో మాట. ఎంత మంచి స్పీకరైనా చెవి వైద్యానికి బదులు రాదు. పెద్దవాళ్ళు రెండుసార్లు "ఆఁ?" అంటుంటే ముందు చెవి డాక్టరుకు చూపించండి. ఒక్కోసారి గులిమి తీస్తేనే సగం బాధ పోతుంది. కొందరికి వినికిడి యంత్రం కావాలి. కళ్ళజోడు పెట్టుకోవడానికి లేని నామోషీ దీనికెందుకు?

మూడు ఇళ్ళు, మూడు రకాలు

మాది జనగామ. మా ఆడబిడ్డది మహబూబాబాదు. మా చెల్లెలిది భూపాలపల్లి. మూడూ పాత వరంగల్ జిల్లా ఊళ్ళే, 2016 అక్టోబరులో మూడూ వేరు వేరు జిల్లాలకు ముఖ్య పట్టణాలయ్యాయి. మేం ముగ్గురం ఒకేసారి ఒకే స్పీకరు కొందామనుకున్నాం, చవకగా ఇస్తారని. మంచిదే అయింది కొనలేదు. ఎందుకో చూడండి.

మహబూబాబాదులో మా ఆడబిడ్డ ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. కాజీపేట నుంచి విజయవాడ పోయే పెద్ద లైను అది, బండి వెనుక బండి. బండి వచ్చినప్పుడల్లా సౌండు పెంచుతారు, పోయాక తగ్గించడం మరచిపోతారు. రాత్రికి అందరివీ అరుపులే. వాళ్ళకు కావలసింది పెద్ద స్పీకరు కాదు, దగ్గరి స్పీకరు. ఆరుబయట వినేవారికీ స్పీకరుకూ మధ్య దూరం సగం చేస్తే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలో గోడల వల్ల లాభం కొంత తగ్గినా, మీట ముట్టకుండా వచ్చే లాభం గదా! పన్నెండు అడుగుల దూరాన టీవీ కింద ఉన్నదాన్ని సోఫా పక్కన ఆరడుగుల్లోకి తెచ్చుకోమన్నాను. ఎత్తి పెట్టుకోగల చిన్న ఒంటి పెట్టె, రిమోటు ఉన్నది, వాళ్ళకు సరిపోయింది.

భూపాలపల్లిలో మా మరిది సింగరేణిలో పని. క్వార్టరు చిన్నది, పక్కింటికీ వీళ్ళకూ గోడ ఒకటే. పక్కింటాయన రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటాడు. గనిలోకి దిగే మనిషికి నిద్ర చాలకపోతే ఏమవుతుందో గని కార్మికుల ఇళ్ళలో వేరే చెప్పనక్కరలేదు. గోడలోంచి ముందుగా దూరేది బాసే. మాట, పై శబ్దం గోడ దగ్గర చాలావరకు ఆగిపోతాయి, మోత ఆగదు. అందుకే మా చెల్లెలికి చిన్న జంట పెట్టెలు, సబ్‌ఊఫరు లేనివి చెప్పాను. ఉమ్మడి గోడకు ఆనించకుండా ఎదురు గోడవైపు, కింద నాలుగు మడతల పాత దుప్పటో రబ్బరు ముక్కలో వేసి పెట్టుకుంది. చట్టం కూడా ఉందండోయ్. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్న ప్రాంతంలో హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. అయినా ఇరుగుపొరుగు మధ్య చట్టం దాకా ఎందుకు, బాస్ మీట ఒక్క గీత తగ్గిస్తే పోయేదానికి?

మా జనగామ ఇంట్లో అసలు అవసరం అత్తమ్మకు మాట తెలియడం. అంచేత టీవీకి చక్కగా కలిసే, గొంతు స్పష్టంగా పలికే జంట తీసుకున్నాం. చూశారా, మూడు ఇళ్ళకు ఒకే సరుకు తెచ్చి ఉంటే ఇద్దరిళ్ళలో అటక ఎక్కేది.

దుకాణంలో ఏం చేయాలి?

కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తాం. ఖంగుమంటే మంచి కుండ. మా పక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి సామాను ఎంతసేపు మోగితే అంత మురిపెం. స్పీకరు పెట్టె దగ్గర మాత్రం ఆ లెక్క తిరగబడుతుంది. పక్కగోడ మీద వేలి కణుపుతో కొట్టండి. "టక్" అని మొద్దుగా ఆగిపోవాలి. డొల్లగా మోగితే, పాటతో పాటు ఆ పెట్టె కూడా తన పాట పాడుతుందన్నమాట. పలచని ప్లాస్టిక్ కన్నా మందపాటి చెక్కపొట్టు పలక పెట్టెలు, బరువుగా ఉన్నవి, సాధారణంగా నయం.

దుకాణం వాళ్ళు తమకు నచ్చిన హుషారు పాట పెడతారు. మీరు విననంటే విననని చెప్పండి. మీ ఫోనులో మూడు తీసుకెళ్ళండి. ఒకటి, ఆడగొంతులో వార్తలు. ఆకాశవాణి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో దొరుకుతాయి. రెండు, ఒక పద్యం. మా జిల్లా బమ్మెర పోతనగారిదే పెట్టుకోండి, ఘంటసాలగారు పాడినదైతే రాగం సాగతీతలో గొంతు ఎక్కడైనా ముక్కులోంచి వచ్చినట్టుందేమో తెలిసిపోతుంది. మూడు, ఒగ్గుకథ. మా మాణిక్యాపురం చుక్క సత్తయ్యగారు 2017లో పోయారు. ఆయన కథ రికార్డులున్నాయి. డోలు కింద మోగుతుంది, తాళం పైన మోగుతుంది, మధ్యలోంచి కథ మాట దూసుకురావాలి. డోలు ఊపులో కూడా కథ తెలిసిందా, ఆ స్పీకరు నెగ్గినట్టే. ఇంతకన్నా మంచి పరీక్ష నాకు దొరకలేదు.

వినేటప్పుడు "బాస్ బూస్ట్" వంటి మీటలన్నీ ఆపించండి. మొదట చిన్న సౌండులో వినండి. పెద్ద సౌండులో ఏదైనా బాగానే అనిపిస్తుంది, గుణం చిన్న సౌండులో బయటపడుతుంది. పక్కపక్కన రెండు పెట్టి పోల్చేటప్పుడు రెండింటి సౌండూ సమానంగా ఉంచమనండి. కాస్త గట్టిగా మోగేదే మంచిదని మన చెవి మోసపోతుంది, అమ్మేవాళ్ళకు ఆ గుట్టు తెలుసు. వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుపోండి. పది అడుగుల దూరంలో కుర్చీ వేయించి, వార్తల్లో విన్న మాటలు తిరిగి చెప్పమనండి. చీర వాళ్ళకు కొనేటప్పుడు వాళ్ళకు చూపించమా?

వెనకవైపు సాకెట్లు

పెట్టె వెనక్కి తిప్పి చూడండి. టీవీకి కలపాలంటే హెచ్.డి.ఎం.ఐ. సాకెట్టు మీద ఏ.ఆర్.సి. అని రాసి ఉండాలి. టీవీ వైపు సాకెట్టు మీద కూడా అదే మాట ఉండాలి. అప్పుడు టీవీ రిమోటుతోనే స్పీకరు సౌండు తగ్గించవచ్చు. పెద్దవాళ్ళ చేతికి రెండు రిమోట్లు ఇవ్వడం ఎంత తలనొప్పో మీకు తెలుసు. అది లేకపోతే ఆప్టికల్ తీగ. ఆప్టికల్ తగిలించాక శబ్దం రాకపోతే కంగారుపడకండి, టీవీ సౌండు సెట్టింగుల్లోకి వెళ్ళి పి.సి.ఎం. అని పెట్టండి, చాలాసార్లు అంతటితో పలుకుతుంది. పాత ఫోను, రేడియో, సీడీ ప్లేయరు కోసం సన్నటి ఆక్స్ సాకెట్టు ఒకటి తప్పక ఉండాలి.

బ్లూటూత్ పాటలకు హాయి. టీవీకి మాత్రం ఒక్కోసారి మాట వెనకబడుతుంది. పెదవి ముందు కదిలి మాట తర్వాత వస్తే, పెదవులు చూసి మాట పోల్చుకునే పెద్దవాళ్ళకు ఇంకా కష్టం. అంచేత టీవీకి తీగే మేలు. మీ నాన్నగారి కాలపు గ్రామఫోను రికార్డులు తీసి వినే సరదా ఉంటే, వెనక "ఫోనో" అన్న సాకెట్టు ఉందా అని అడగండి. రికార్డు ప్లేయరు సంకేతం మరీ బలహీనం, మామూలు సాకెట్టులో పెడితే గుసగుసలాడుతుంది.

గదిని మరవకండి

మంచి స్పీకరు తెచ్చి మూలలో కుక్కితే డబ్బు దండగ. మూల గోడలు బాస్‌ను ఉబ్బిస్తాయి. గోడకు అడుగు దూరం ముందుకు జరపండి, మోత తగ్గి మాట తేలుతుంది. ట్వీటరు మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో ఉండాలి. జంట అయితే రెండింటి మధ్య ఎంత దూరమో, మీరూ వాటికి అంతే దూరంలో, ముక్కోణంలా కూర్చోవాలి.

మన ఇళ్ళు బండల నేల, సిమెంటు గోడ. గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు వెంటనే ఆగకుండా కంయ్‌మని సాగితే ప్రతిధ్వని ఉన్నట్టు. మాట మీద మాట పడి చెదిరిపోతుంది. దానికి మందు మన దగ్గరే ఉంది. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది గదా, ఒకటి నేలమీద పరవండి, కిటికీకి మందపాటి పరదా వేయండి. స్పీకరు మార్చకుండానే మాట స్పష్టమవుతుంది. మా ఇంట్లో మొదట చేసిన పని అదే.

కరెంటు, రిపేరు

ఆల్ ఇన్ వన్‌లో ఉన్న ఇబ్బంది కూడా చెప్పాలి. లోపల యాంప్లిఫయరు చెడితే పెట్టె మొత్తం మోసుకుపోవాలి. విడి స్పీకర్లకు ఆ బాధ లేదు, చెడిన ముక్క ఒక్కటి మారిస్తే చాలు. అందుకని కొనేముందే అడగండి, రిపేరు ఎక్కడ చేస్తారు? ఇంటికి వచ్చి తీసుకుపోతారా, మనమే హనుమకొండకో హైదరాబాదుకో మోయాలా? భూపాలపల్లికి రైలు కూడా లేదు, బస్సులో ఒళ్ళో పెట్టుకుని రావాలి. వారంటీ కాగితం మీద దుకాణం ముద్ర, తేదీ వేయించుకుని బిల్లుతో కలిపి దాచండి. వెనక చీటీ మీద బి.ఐ.ఎస్. గుర్తు ఉందేమో చూడండి. మోసపోయామనిపిస్తే 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం వారు దారి చెబుతారు.

మూడు పిన్నుల ప్లగ్గు అయితే ఎర్తు ఉన్న పాయింటులోనే పెట్టండి. పాట ఆపినా గుయ్‌మంటుంటే ఎర్తు సంగతో, తీగల సంగతో ఎలక్ట్రీషియనుకు చూపించండి. ఇన్వర్టరు మీద నడిపేవారు సైన్‌వేవ్ రకం ఉంటే మంచిది, పాత రకం వాటితో రొద వస్తుంది. ఉరుములు మొదలవగానే ప్లగ్గు పీకేయండి. యాంప్లిఫయరు లోపలే ఉంటుంది కాబట్టి పెట్టె వేడెక్కుతుంది, మోగుతున్నప్పుడు గుడ్డ కప్పవద్దు. బొగ్గు దుమ్ము పడే ఊళ్ళలో పని అయ్యాక కప్పండి. తుడవడానికి పొడి గుడ్డ, మెత్తటి బ్రష్షు చాలు, తడిగుడ్డ వద్దు.

చివరిగా పిల్లలున్న తల్లులకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకైనా 80 డెసిబెల్స్ సౌండు వారానికి 40 గంటలు దాటకూడదు. సౌండు పెరిగినకొద్దీ ఆ గంటలు గబగబా తరిగిపోతాయి. పక్కన కూర్చున్న మనిషితో అరవకుండా మాట్లాడగలిగితే ఫరవాలేదు. అరవాల్సి వస్తే మీట తగ్గించండి. ఈనాడు దడదడలు విన్న చెవులే రేపు "ఆఁ?" అంటాయి.

ఆ నల్ల డబ్బా ఏమైందంటారా? పారేయలేదు. దానికీ ఒక చోటుంది. ఈసారి బతుకమ్మకు మా వీధి ఆడవాళ్ళం మైదానంలో పెట్టుకుంటాం. పదిమంది కూడిన ఆరుబయటకు ఆ మోత కావాలి, పది గంటలలోపు లెండి!

ఇక మా అత్తమ్మ. చెవి డాక్టరు చూశారు, ఒక చెవి కొంచెం మందగించిందన్నారు. కొత్త స్పీకర్లు ఆవిడ కుర్చీకి దగ్గరగా, చెవి ఎత్తున పెట్టాం. మొదటి రెండు రోజులు ఏమీ అనలేదు. మూడోరోజు సాయంత్రం వార్తలు చదివే అమ్మాయి ఒక ఊరి పేరు తప్పు పలికింది. నేను వంటింట్లో ఉన్నాను. ముందు గదిలోంచి అత్తమ్మ గొంతు, "గట్ల గాదు బిడ్డా, సక్కగ పలుకు" అని. పొయ్యి తగ్గించి, చేయి తుడుచుకుని నేనూ పోయి ఆవిడ పక్కన కూర్చున్నాను.

మరి సెలవు.